రెండు రోజుల కూలి

గంజ్ అంటే టోకు అంగడి. మొజంజాహి మార్కెట్‌కూ అఫ్జల్‌గంజ్‌కూ నడుమ ఉన్న ఉస్మాన్‌గంజ్ ఆ పేరుకు తగ్గట్టే బతుకుతుంది. సరుకు లారీలు, మూటలు మోసే హమాలీలు, లెక్కలు రాసే గుమాస్తాలు, ట్రాలీ ఆటోలు. పొద్దున్నే పనిలోకి దిగే ఈ జనంలో చాలామందికి ఇంట్లో తిని వచ్చే వీలుండదు. చాయ్ హోటల్లోనో, ఇడ్లీ బండి దగ్గరో, మధ్యాహ్నం చిన్న మెస్సులోనో తింటారు. కాస్త ఇటు వస్తే నాంపల్లి రైల్వే స్టేషన్, అటు వెళితే అబిడ్స్ దుకాణాలు, జనవరి వచ్చిందంటే నుమాయిష్ ప్రదర్శన. ఈ రెండు మూడు కిలోమీటర్ల మేర లక్షల కడుపులు పరాయి చేతి వంట మీద ఆధారపడి ఉన్నాయి. చుట్టుపక్కల బస్తీల్లో పనికి పోయే తల్లులు పిల్లల్ని అంగన్‌వాడీలో దింపి వెళతారు. అక్కడా పిల్లవాడి ముద్ద పరాయి చేతిలోదే. ఆ ముద్దతో పాటు జబ్బు కూడా చేతులు మారితే బాధితులు చేరే ఉస్మానియా ఆసుపత్రి, చిన్నపిల్లల నీలోఫర్ ఆసుపత్రి కూడా ఇక్కడికి దగ్గరే. ఒకరి పేగుల్లోని జబ్బు మరొకరి పేగుల్లోకి ఎలా చేరుతుంది, దాన్ని ఎక్కడ ఆపడం అన్నిటికన్నా తేలిక అన్నదే ఈ అధ్యాయంలోని ప్రశ్న. సబ్బు, నల్లా నీళ్లు, పొయ్యి వేడి, టీకా అన్నీ కావాలి. వాటన్నిటికీ ఆసరాగా ఉండాల్సిందీ, మనం బొత్తిగా పట్టించుకోనిదీ ఇంకొకటి ఉంది. వండే మనిషికీ, పిల్లల్ని సాకే మనిషికీ కడుపు చెడిన రోజున కూలి పోకుండా సెలవు దొరకడం. అది లేనంతకాలం మిగిలిన కట్టుబాట్లన్నీ కారిపోతూనే ఉంటాయని నా వాదన.

పేగులకు సోకే క్రిములను పాఠ్యపుస్తకాలు వైరస్‌లు, బ్యాక్టీరియాలు, పరాన్నజీవులు అని విడదీస్తాయి. వంటింటికి అంతకంటే పనికొచ్చే విభజన మరొకటుంది. కొన్ని క్రిములు తిండిలో పెరిగి లక్షలైతే గానీ మనిషిని పడేయలేవు. కొన్నిటికి పెరగాల్సిన పనే లేదు, చిటికెడు చాలు. సాల్మొనెల్లా, స్టెఫిలోకాకస్, అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్, పెద్ద పాత్రలో నెమ్మదిగా చల్లారే మాంసపు కూరలో పెరిగే క్లాస్ట్రీడియం పర్ఫ్రింజెన్స్ మొదటి జట్టులోవి. వీటికి కావలసింది గోరువెచ్చదనమూ వ్యవధీ. అనుకూలమైన వేడిలో ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపయ్యే బ్యాక్టీరియా ఒకటి ఏడు గంటల్లో ఇరవై లక్షలు దాటుతుంది. పొద్దున వండి మధ్యాహ్నం దాటాక వడ్డించే అన్నానికి ఈ లెక్క అక్షరాలా వర్తిస్తుంది. రెండో జట్టులో రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా ఉంది, అది పది నుంచి వంద కణాలున్నా చాలు. జియార్డియాకు పది చాలు. వాంతులూ విరేచనాలూ ఒక్కసారిగా తెచ్చే నోరోవైరస్‌కు కొన్ని పదులు చాలు. చిన్నపిల్లల్ని పట్టే రోటావైరస్, కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ కూడా ఈ జట్టువే. వైరస్ అన్నది బతికున్న కణంలో తప్ప పెరగదు కాబట్టి, అన్నం గిన్నెలో అది ఎంతసేపున్నా ఒకటి రెండు కాదు. కానీ రోటావైరస్ పట్టిన పసివాడి మలం ఒక్క గ్రాములో వెయ్యి కోట్లకు పైగా వైరస్ కణాలుండగలవు. అందులో కంటికి కనిపించనంత గోటి సందులో మిగిలినా పది మందికి పంచడానికి సరిపోతుంది.

ఆహార భద్రత గురించి మనం బహిరంగంగా మాట్లాడుకునేదంతా దాదాపు మొదటి జట్టు గురించే. 2024 అక్టోబర్‌లో బంజారాహిల్స్ నందినగర్‌లో మోమోలు తిన్నవాళ్లు పెద్ద సంఖ్యలో జబ్బుపడి ఒక మహిళ చనిపోయింది. ఆ నెల 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనీస్‌ను ఏడాదిపాటు నిషేధించింది. పచ్చిగుడ్డు, నూనె, పొయ్యి సెగ తగలని గిన్నె, గంటల తరబడి బండి మీద ఉండడం, ఇవన్నీ సాల్మొనెల్లాకు అచ్చంగా సరిపోయే ఏర్పాట్లు కాబట్టి ఆ నిషేధంలో శాస్త్రం ఉంది. మరుసటి నెలలో నారాయణపేట జిల్లా మాగనూరు ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. వారం తిరగకుండా అక్కడే మళ్లీ జరిగింది, హైకోర్టు ప్రభుత్వాన్ని నిలదీసింది. ఇలాంటివి జరిగిన ప్రతిసారీ అధికారులు సరుకు చూస్తారు, పాత్రలు చూస్తారు, వండిన వేళ అడుగుతారు. అడగాల్సిందే. వండిన తిండి 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన వేడిగా ఉండాలనీ, మామూలు గాలిలో రెండు గంటలకు మించి ఉంచకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇందుకే. 2014లో నాంపల్లి సరాయి దగ్గర మొదలైన అయిదు రూపాయల భోజనం వంటి పథకాల్లో అన్నం ఒకచోట వండి ఊరంతా పంపుతారు. అక్కడ గడియారమూ థర్మామీటరూ గరిటెంత ముఖ్యం. మళ్లీ కాచితే అంతా సరిపోతుందన్న నమ్మకం మాత్రం ప్రమాదకరం. స్టెఫిలోకాకస్, బాసిల్లస్ సీరియస్ తిండిలోకి విడిచిన విషాల్లో కొన్ని ఉడుకు నీళ్ల వేడికి చెక్కుచెదరవు. క్రిమి చచ్చినా దాని విషం పనిచేస్తుంది.

రెండో జట్టు దగ్గరికి వచ్చేసరికి గడియారం పనికిరాదు, థర్మామీటరు సగమే పనికొస్తుంది. దమ్ మీద ఉడికిన బిర్యానీలో నోరోవైరస్ బతకదు. దాని పక్కన పెట్టే ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క, పెరుగు పచ్చడి పొయ్యి మొహం చూడవు. వేడి ఇడ్లీ మీద పోసే చల్లటి చట్నీ, పళ్లెం తుడిచే గుడ్డ, గ్లాసు అంచు పట్టుకుని తెచ్చే వేళ్లు, ఇవన్నీ వేడి తర్వాతి సంగతులు. ఇక్కడ ఆధారం చేయే. చేతులు కడగడం గురించి ఉపన్యాసాలు విని విసిగిపోయినవాళ్లు ఫలితాలు చూడాలి. మన బస్తీలకు చాలా పోలికలున్న కరాచీ మురికివాడల్లో జరిగిన పెద్ద పరిశీలన 2005లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. సబ్బు ఇచ్చి, వారం వారం వెళ్లి అలవాటు చేయించిన ఇళ్లలో పదిహేనేళ్ల లోపు పిల్లల విరేచనాలు సగానికి సగం తగ్గాయి. మామూలు సబ్బుకూ, క్రిమిసంహారక సబ్బుకూ తేడా కనిపించలేదు. అమెరికాలోని పిల్లల సంరక్షణ కేంద్రాల్లో జరిగి 1981లో వెలువడిన పరిశీలనలోనూ, సిబ్బంది చేతులు కడిగే పద్ధతి పెట్టుకున్న కేంద్రాల్లో విరేచనాలు మిగిలినవాటితో పోలిస్తే సగమే. కోవిడ్ రోజుల్లో బల్లల మీదికి చేరిన శానిటైజర్ సీసా ఇక్కడ మోసం చేస్తుంది. కరోనా వైరస్‌కు కొవ్వు పొర ఉంటుంది, ఆల్కహాలు దాన్ని చీల్చేస్తుంది. నోరోవైరస్‌కు ఆ పొరే లేదు. సబ్బు నురగతో రుద్ది, పారే నీళ్లతో కడిగి దాన్ని చేతి మీద నుంచి దింపేయడమే మార్గం.

ఇప్పుడు ఆ చేయి ఎవరిదో చూడాలి. అంగన్‌వాడీలో ఒక టీచరు, ఒక ఆయా ఉంటారు. ఆయా గది ఊడుస్తుంది, నీళ్లు తెస్తుంది, పప్పూ అన్నమూ వండుతుంది, గుడ్లు ఒలుస్తుంది, బట్టల్లో విరేచనం చేసుకున్న పిల్లవాడిని కడుగుతుంది, ఆ తర్వాత పళ్లాలు పెట్టి వడ్డిస్తుంది. పిల్లల కేంద్రాల్లో శుభ్రత గురించి నొక్కి చెప్పాల్సిన మాట ఒకటి: పిల్లల ముడ్డి కడిగే చేయీ, ముద్ద కలిపే చేయీ వేరుగా ఉండాలి. ఒకే మనిషి మీద రెండు పనులూ పెట్టి, ఆమెకు శుభ్రత పాఠం చెప్పడం న్యాయం కాదు. పనుల పంపకం మార్చడం న్యాయం. పిల్లల్ని కడిగే పని ఆయా చూసుకున్న పూట టీచరు వడ్డించాలి. పిల్లల్ని కడిగే చోటు వంటపొయ్యికి దూరంగా, వేరే చెంబుతో, వేరే బకెట్‌తో ఉండాలి. బిందెలో చేయి ముంచే అవసరం లేకుండా కుళాయి ఉన్న డ్రమ్ము పెట్టాలి. గచ్చు మీద ఎవరైనా వాంతి చేసుకుంటే చీపురుతో ఊడ్చకూడదు. పాత కాగితాలతో అద్ది తీసి, లీటరు నీళ్లకు మూడు గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కలిపిన ద్రావణంతో తుడవాలి. పాకే వయసు పిల్లలకు గచ్చే పళ్లెం. వాళ్లు నేల తాకిన చేతిని నిమిషం తిరక్కుండా నోట్లో పెట్టుకుంటారు. అందుకే హోటల్లో జరిగే పొరపాటు పెద్దవాళ్లను రెండు రోజులు పడుకోబెడితే, అంగన్‌వాడీలో జరిగే పొరపాటు పిల్లవాడి ప్రాణం దాకా వస్తుంది. ప్రపంచంలో అయిదేళ్ల లోపు పిల్లలు ఏటా నాలుగు లక్షల మందికి పైగా విరేచనాలతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

చేతులు ఎంత బాగా కడిగినా ఒక హద్దు ఉంటుంది. కడుపు పూర్తిగా వదులైన మనిషి గంటకోసారి మరుగుదొడ్డికి పరుగెత్తాలి. అప్పుడు బట్టలకు, తలుపు గొళ్లేనికి, చెంబు పిడికి మలం అంటుకోకుండా ఉండదు. నోరోవైరస్ వాంతి గాలిలోకి తుంపరలుగా లేచి చుట్టుపక్కల గిన్నెల మీద పడుతుంది. జబ్బు ముదిరిన ఆ ఒకటి రెండు రోజుల్లో మనిషి విడిచే క్రిముల సంఖ్య చాలా ఎక్కువ, పట్టి ఉంచే శక్తి చాలా తక్కువ. అందుకే అనేక దేశాల నిబంధనలు ఒకే మాట చెబుతాయి. వాంతులూ విరేచనాలూ ఆగిపోయాక ఇంకో 48 గంటలు గడిచే వరకు ఆ మనిషి తిండి ముట్టకూడదు, ఆ పిల్లవాడిని పిల్లల నడుమ ఉంచకూడదు. టైఫాయిడ్, షిగెల్లా, కలరా, హెపటైటిస్-ఎ అయితే ఈ రెండు రోజులు చాలవు, వైద్యుడు సరేనన్నాకే మళ్లీ పొయ్యి దగ్గరికి రావాలి. ఆ 48 గంటల తర్వాత కూడా నోరోవైరస్ మలంలో వారాల పాటు కనిపిస్తుంది కదా, అలాంటప్పుడు ఈ రెండు రోజుల వల్ల ఒరిగేదేమిటని అడగవచ్చు. మంచి ప్రశ్నే. ముద్దకట్టిన మలంతో, మామూలుగా మరుగుదొడ్డికి వెళ్లివచ్చే మనిషి విషయంలో సబ్బు తన పని తాను చేయగలదు. పిచికారీలా తన్నుకొచ్చే జబ్బు ముందు అది ఓడిపోతుంది. అంటే సెలవు సబ్బుకు బదులు కాదు, సబ్బు గెలవగలిగే స్థితి వచ్చేదాకా ఆగడం.

జబ్బు మనిషిని దూరంగా పెట్టాలన్న ఆలోచన హైదరాబాద్‌కు కొత్తది కాదు. నల్లకుంటలో సర్ రోనాల్డ్ రాస్ పేరుతో ఉన్న ఫీవర్ ఆసుపత్రిని పాతతరం వాళ్లు కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోట కోరంటి అయింది. గత్తర (కలరా) సోకిన మనిషిని ఊరికి దూరంగా ఉంచిన కాలపు గుర్తు అది. ఆ మాటకు మూలం నలభై అనే అర్థమున్న ఇటలీ పదం. వెనిస్ రేవుకు వచ్చిన ఓడలను అన్ని రోజులు ఆపేవారు. అయితే దూరంగా పెట్టడం ఒక్కటే సరిపోదని చెప్పే చరిత్ర మేరీ మాలన్‌ది. న్యూయార్క్ సంపన్నుల ఇళ్లలో వంట చేసిన ఈమెకు టైఫాయిడ్ లక్షణాలేవీ ఉండేవి కావు, క్రిమి మాత్రం ఆమె ఒంట్లో కాపురం పెట్టింది. 1907లో ఆమెను పట్టుకుని ఒక దీవిలో ఉంచారు. ఇక వంట చేయనని మాట తీసుకుని 1910లో వదిలారు. బట్టలు ఉతికే పనిలో చేరితే వంటపనిలో వచ్చినంత డబ్బు రాలేదు. ఆమె పేరు మార్చుకుని మళ్లీ పొయ్యి ముందుకు వచ్చింది. 1915లో న్యూయార్క్‌లోని ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి టైఫాయిడ్ సోకి, ఇద్దరు చనిపోయినప్పుడు అక్కడి వంటమనిషి ఆమేనని తేలింది. తిరిగి దీవికి పంపారు. 1938లో చనిపోయేదాకా అక్కడే ఉండిపోయింది. ఈ కథను ఒక మొండి మనిషి కథగా చెప్పుకోవడం మామూలు. నాకు అందులో కనిపించేది ఇంకొకటి: వండొద్దని ఆజ్ఞ ఇచ్చినవాళ్లు, వండకపోతే ఎలా బతకాలో చెప్పలేదు. కూలి లేని కట్టడి మనిషిని దాక్కోమని నేర్పుతుంది.

ఆ సంగతి ఇంకా పాతబడలేదు. 2017 నుంచి 2019 దాకా అమెరికా రెస్టారెంట్లలో వ్యాపించిన జబ్బులను అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం విశ్లేషించింది. కారణం తెలిసిన ఘటనల్లో దాదాపు అయిదింట రెండింటిలో జబ్బుతోనో, క్రిమితోనో ఉన్న పనివాడి చేయి ఉంది. వాటిలో చాలా హోటళ్లకు జబ్బు పడితే చెప్పాలన్న నియమం ఉంది. నియమం ఉండి కూడా జబ్బు మనిషి పనిలోకి వచ్చాడంటే, ఆ నియమాన్ని పాటించే స్తోమత అతనికి లేదన్నమాట. మన దేశంలోనూ కాగితం మీద లోటు లేదు. 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు, తిండి ముట్టుకునే ప్రతి మనిషికీ ఏడాదికోసారి వైద్య పరీక్ష జరగాలనీ, పేగుజ్వరాలకు టీకా వేయించాలనీ, విరేచనాలున్న మనిషిని పనిలోకి రానివ్వకూడదనీ చెబుతున్నాయి. ఏడాదికోసారి పరీక్ష అంటే 365 రోజుల్లో ఒక రోజు సంగతి. జబ్బు మిగిలిన 364 రోజుల్లో ఎప్పుడైనా వస్తుంది. ఆ రోజున దాన్ని పట్టుకోగలిగిన పరికరం ఒకటే, ఆ మనిషి నోటి మాట. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చి తెలంగాణలోనూ కొనసాగుతున్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఏడాదికి పన్నెండు రోజుల జబ్బు సెలవు జీతంతో ఇవ్వమంటుంది. దోశ మాస్టరుకూ, గిన్నెలు కడిగే క్లీనరుకూ అది ఎంతవరకు చేరుతుందో రోజు లెక్కన డబ్బు తీసుకునే ఎవరిని అడిగినా తెలుస్తుంది. పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట్ల ఉద్యోగుల బీమా పథకం ఈఎస్ఐ ఉంటుంది, అది జబ్బు రోజులకు జీతంలో 70 శాతం ఇస్తుంది. కానీ మామూలుగా జబ్బు మొదలైన మొదటి రెండు రోజులకు ఆ డబ్బు రాదు. పేగుల జబ్బు బాగా అంటుకునే రోజులు సరిగ్గా అవే.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. మన నగరంలో అసలు దోషి నీళ్లయితే, చేతుల మీదా సెలవుల మీదా ఇంత చర్చ ఎందుకు? ఈ మాటలో నిజం చాలా ఉంది. 2005లో హైదరాబాద్‌లో హెపటైటిస్-ఇ కామెర్లు 1600 మందికి పైగా సోకాయి. మురుగు కాలువలను దాటుకుంటూ వెళ్లిన మంచినీటి పైపుల మీద ఆధారపడ్డ వాడల్లో జబ్బు ఎక్కువగా ఉందని పరిశోధకులు తేల్చారు. 2009 మేలో భోలక్‌పూర్‌లో మంచినీళ్లలో మురుగు కలిసి వందల మంది జబ్బుపడ్డారు, పలువురు చనిపోయారు. రోజు విడిచి రోజు నీళ్లు వదిలే ఊళ్లో ఈ ప్రమాదం పైపు స్వభావంలోనే ఉంది. నీళ్లు వదిలినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది. కట్టేశాక అది ఖాళీ అయి, పగుళ్లలోంచి పక్కనున్న మోరీ నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. దీనికి ఏ వంటమనిషీ జవాబుదారీ కాదు. పాత పైపులు మార్చడం, చివరి నల్లా దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలేలా చూడడం జలమండలి బాధ్యత. 1908 మూసీ వరద తర్వాత ఈ నగరం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకుంది, మురుగు కాలువల పథకం వేసుకుంది. నీటి విషయంలో పెద్ద పనులు చేయలేని ఊరు కాదిది. అయితే నీళ్లు రేపే బాగుపడినా షిగెల్లా, నోరోవైరస్, రోటావైరస్ మనిషి నుంచి మనిషికి పాకడం ఆగదు. మంచినీటి సదుపాయం బాగున్న దేశాల హోటళ్లలోనూ, పిల్లల కేంద్రాల్లోనూ నేటికీ ఎక్కువగా వ్యాపిస్తున్నది నోరోవైరసే. నీళ్ల దారి ఒకటి, చేతి దారి ఒకటి. ఒకదాన్ని మూసేదాకా రెండోదాన్ని తెరిచి ఉంచుదామనడం తర్కం కాదు.

మా ఒళ్లు ఈ నీళ్లకూ ఈ తిండికీ అలవాటు పడిందనేది ఇంకో అభ్యంతరం. పెద్దవాళ్ల విషయంలో అది కొంత నిజం. చిన్నప్పటి నుంచి మళ్లీ మళ్లీ సోకిన క్రిములకు కొంత నిరోధకత వస్తుంది. కానీ ఆ అలవాటుకు వెల కట్టింది పసితనం. రెండేళ్ల లోపు పిల్లవాడికి ఆ అలవాటు లేదు. మాటిమాటికీ విరేచనాలు పట్టే పిల్లల పేగులు తిన్నదాన్ని సరిగా పీల్చుకోలేవు, పెరుగుదల కుంటుపడుతుంది. పెద్దవాళ్లకు వచ్చిన నిరోధకత కూడా వాళ్లను జబ్బు నుంచి కాపాడుతుందే గానీ క్రిమిని మోయకుండా ఆపదు. ఏ బాధా లేని తండ్రి చేయి కూతురికి జబ్బు అందించగలదు. ఇదే కోవలోది బండివాడి మీద నేరం మోపే అలవాటు. 2022 జూలైలో తెలంగాణలో టైఫాయిడ్ పెరిగినప్పుడు అప్పటి ప్రజారోగ్య సంచాలకులు పానీపూరీని హెచ్చరికగా చూపించారు. శాస్త్రం ప్రకారం తప్పు పట్టలేం: కాచని నీళ్లు, అందులో మునిగే చేయి, ఒకరి తర్వాత ఒకరు. కానీ ఆ బండికి నల్లా లేదు, దగ్గరలో మరుగుదొడ్డి లేదు, కడుపు చెడిన రోజున బండి పెట్టకపోతే ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలగదు. బండిని తరిమితే అది పక్క వీధిలో తేలుతుంది. ఈ మూడు లోట్లూ తీరిస్తే జబ్బు తగ్గుతుంది. బజారుకు నాలుగు చోట్ల చేతులు కడిగే నల్లాలూ, శుభ్రమైన మరుగుదొడ్డీ పెట్టడం మున్సిపాలిటీకి భారమైన పని కాదు.

లక్షణాలే లేకుండా క్రిమిని మోసేవాళ్లు ఉన్నప్పుడు, జబ్బు పడ్డవాళ్లకు సెలవిచ్చి ఏం లాభమని అడిగేవాళ్లూ ఉన్నారు. టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్లలో నూటికి అయిదుగురి లోపు ఏళ్ల తరబడి పిత్తాశయంలో క్రిమిని మోస్తారు. సెలవు వాళ్లను పట్టుకోలేదు. వాళ్ల కోసమే నిత్యం సబ్బు, వాళ్ల కోసమే టీకా. టైఫాయిడ్‌కు పసిపిల్లలకూ పనికొచ్చే సంయుగ్మ టీకా తయారైంది మన హైదరాబాద్‌లోనే. రోటావైరస్‌కు ఇక్కడే తయారైన రోటావాక్ 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ టీకాల పట్టికలో చేరింది, 2019లో రోటా టీకా తెలంగాణకూ వచ్చింది. ప్రయోగాల్లో రోటావాక్ తీవ్రమైన రోటా విరేచనాలను సగానికి పైగా తగ్గించింది. సగం చిన్న సంగతి కాదు, పూర్తి కవచమూ కాదు. నోరోవైరస్‌కూ షిగెల్లాకూ వాడుకలో టీకాయే లేదు. ఏ ఒక్క అడ్డుకట్టా మొత్తాన్ని ఆపదు. వరుసగా నిలిచిన అడ్డుకట్టల్లో ఏది లేదో అక్కడి నుంచే ప్రవాహం వస్తుంది. మనకు ఇప్పుడు లేనిది సెలవు.

చివరికి మిగిలేది డబ్బు ప్రశ్న. చిన్న హోటల్ యజమాని దీన్ని భరించగలడా? పదిమంది పనిచేసే చోట ఒక్కొక్కరికి ఏడాదికి రెండుసార్లు కడుపు చెడిందనీ, తగ్గాక ఆగాల్సిన ఆ రెండు రోజులకూ ప్రతిసారీ కూలి ఇచ్చి ఇంట్లో ఉండమన్నారనీ అనుకుందాం. మొత్తం నలభై రోజులు. మనిషికి మూడు వందల పనిదినాల చొప్పున పదిమందివి మూడు వేలు. అంటే కూలి ఖర్చు మీద నూటికి ఒకటిన్నర కన్నా తక్కువ. మనిషికి చూస్తే నాలుగు రోజులు, చట్టం ఇవ్వమన్న పన్నెండు రోజుల్లో మూడో వంతు. అబద్ధం చెప్పి సెలవు తీసుకుంటారన్న భయం ఉంటుంది. తీసుకుంటే పోయేది రెండు రోజుల కూలి. నిజం దాచి పొయ్యి దగ్గరికి వస్తే పోయేది హోటల్ పేరు, కొన్నిసార్లు ఒక ప్రాణం. సొంతంగా బండి నడిపే మనిషికి సెలవిచ్చే యజమాని ఉండడు కాబట్టి, 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద ఏర్పడే కమిటీలు ఒక చిన్న నిధి పెట్టి ఆ రెండు రోజులకు ఆసరా ఇవ్వవచ్చు. అంగన్‌వాడీ ఆయా సెలవు పెడితే పక్క కేంద్రం నుంచి ఒకరు వచ్చే ఏర్పాటు ముందే ఉండాలి. లేకపోతే ఆమె మనసొప్పక జబ్బుతోనే వస్తుంది. పిల్లవాడి సెలవు ఇంకా కష్టం, ఎందుకంటే పిల్లవాడు ఇంట్లో ఉంటే తల్లి కూలి కూడా పోతుంది. విధిలేక ఆ పిల్లవాడు కేంద్రానికే వస్తే వెనక్కి పంపడం దయలేని పని. వేరే చాప, వేరే గ్లాసు, ఒక మూల, దగ్గర కూర్చునే ఒక మనిషి ఉండాలి. ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగిస్తూ, జింక్ మాత్రలు పద్నాలుగు రోజులు ఇప్పిస్తూ, తల్లిపాలూ తిండీ ఆపకుండా చూడాలి. కన్ను గుంటపడినా, తాగడం మానేసినా, మలంలో రక్తం కనిపించినా ఆసుపత్రికి పంపాలి. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ప్రధానంగా ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి కలరా మరణాలను నూటికి నాలుగు లోపుకు దించారు. ప్రాణం నిలపడానికి మందు దొరికింది. వ్యాప్తి ఆపడానికి మాత్రం మనుషుల నడుమ ఒప్పందమే కావాలి.

ఆ ఒప్పందాన్ని ప్రతి వంటింటి గోడ మీదా, ప్రతి అంగన్‌వాడీ తలుపు మీదా మూడు చిన్న వాక్యాల్లో రాయవచ్చు. కడుపు చెడితే చెప్పండి. తగ్గాక రెండు రోజులు ఆగి రండి. కూలి ఆగదు. మొదటి రెండూ ఏదో ఒక రూపంలో మన నిబంధనల్లో ఇప్పటికే ఉన్నాయి, ఎవరూ పాటించడం లేదని మనం బాధపడుతూనే ఉన్నాం. మూడోది రాసి, నెలాఖరున లెక్క చూసేటప్పుడు దానికి కట్టుబడిన రోజున, మొదటి రెండు వాక్యాలూ పాటించగలిగినవి అవుతాయి.